వైరస్, యోని, సూక్ష్మజీవులు: ఒక వాక్యానికి వ్యాఖ్యానం

"వైరల్ ఇన్ఫెక్షన్ యోనిలోని మైక్రోబయోమ్‌నూ, అక్కడి జీవక్రియనూ మారుస్తుంది."

గత పదిహేనేళ్లుగా వైద్య పత్రికల్లో ఏదో ఒక రూపంలో కనిపిస్తున్న వాక్యం ఇది. చదవగానే అర్థమైపోయినట్టు ఉంటుంది. దీనితో చిక్కే అది. పూర్వపు వ్యాఖ్యాతలు ఒక శ్లోకం చేతికొస్తే ముందు పదాలు విడదీసేవారు, ప్రతిపదార్థం చెప్పేవారు, అన్వయం కుదిరాకే తాత్పర్యం జోలికి వెళ్లేవారు. ఈ వాక్యానికీ ఆ మర్యాద చేద్దాం. వ్యాకరణం ప్రకారం ఇందులో వైరస్ కర్త, మైక్రోబయోమ్ కర్మ. శరీరంలోనూ అలాగే ఉందా అన్నది వేరే ప్రశ్న. పదాలన్నీ తేలితే గాని ఆ ప్రశ్న చేతికి అందదు.

వైరల్ ఇన్ఫెక్షన్

ఏ వైరస్? ముందు అది తేలాలి. యోనిలోనూ గర్భాశయ ముఖద్వారంలోనూ చేరే వైరస్‌లు చాలా ఉన్నాయి: హ్యూమన్ పాపిలోమా వైరస్, అనగా హెచ్‌పీవీ, జననాంగాల మీద పుండ్లు తెచ్చే హెర్పిస్ వైరస్, అనగా హెచ్‌ఎస్‌వీ-2, హెచ్‌ఐవీ. మూడింటివీ మూడు దారులు. హెచ్‌ఐవీ రోగనిరోధక కణాల్లో కాపురం పెడుతుంది. హెర్పిస్ నాడీకణాల్లోకి పోయి దాక్కుని, వీలు చూసుకుని పైకొస్తుంది. హెచ్‌పీవీ పైపొర కణాల్ని దాటి పోదు, రక్తంలో తిరగదు. మూడింటినీ ఒకే గాటన కట్టి "వైరల్ ఇన్ఫెక్షన్" అంటే ఆ మాట సగమే నిజమవుతుంది. కాబట్టి ఇక్కడ ప్రధానంగా హెచ్‌పీవీనే తీసుకుంటాను. మిగతా రెండూ అవసరమైన చోట వస్తాయి. ఈ విషయంలో ఎక్కువ పరిశోధన జరిగింది హెచ్‌పీవీ మీదే. మన దేశానికి దానితో బాధ కూడా తక్కువేమీ కాదు. 2020 అంచనాల ప్రకారం భారతదేశంలో ఆ ఒక్క ఏడాదిలో హెచ్‌పీవీ తెచ్చే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కొత్తగా వచ్చినవారు 1.23 లక్షలకు పైగా. చనిపోయినవారు 77 వేలకు పైగా.

హెచ్‌పీవీ అంటే సుమారు 8,000 అక్షరాల డీఎన్‌ఏ వలయం, దాని చుట్టూ ఒక ప్రొటీన్ పెంకు, అంతే. రెండు వందలకు పైగా రకాలున్నాయి. వాటిలో 16, 18 అనే రెండు రకాలే ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణం. జర్మనీకి చెందిన హెరాల్డ్ జుర్ హౌజెన్ బృందం క్యాన్సర్ కణజాలంలో 16వ రకాన్ని 1983లోనూ, 18వ రకాన్ని మరుసటి ఏడాదీ గుర్తించింది. అందుకు ఆయనకు 2008లో నోబెల్ వచ్చింది.

ఇక "ఇన్ఫెక్షన్". అంటే వైరస్ కణంలో చేరి తన పని మొదలుపెట్టడం. జబ్బు వేరే మాట. హెచ్‌పీవీ సోకినవారిలో పదింట తొమ్మిది మందికి రెండేళ్ల లోపే, ఏ మందూ లేకుండా, వైరస్ పరీక్షకు అందకుండా పోతుంది. మిగిలినవారిలో అది పాతుకుంటుంది; వారిలోనూ కొందరికే, అదీ ఏళ్ల తరబడి ఉన్నాక, క్యాన్సర్ దాకా వెళ్తుంది. "హెచ్‌పీవీ పాజిటివ్" అన్న కాగితం చూసి క్యాన్సర్ వచ్చిందనుకునేవారు ఈ తేడా తెలియకే హడలిపోతారు.

ఇక్కడే ఇంకో సంగతి కచ్చితంగా చెప్పుకోవాలి. హెచ్‌పీవీ బాక్టీరియాకు సోకదు. బాక్టీరియాకు సోకే వైరస్‌లు వేరే జాతి. వాటిని బాక్టీరియోఫేజ్‌లు అంటారు. యోనిలో అవీ ఉంటాయి గాని మన వాక్యం ఉద్దేశించింది వాటిని కాదు. హెచ్‌పీవీ కంటికి కనిపించని చిన్న చిన్న గీతల గుండా దిగి, పైపొరలో అట్టడుగు వరస కణాల్లో చేరుతుంది. బాక్టీరియా ఉండేది అదే పొరకు పైన, జిగురులో. ఇద్దరికీ నడుమ కణాల వరసలున్నాయి. వైరస్ బాక్టీరియాను ఏమైనా చేయాలంటే ఆ కణాల చేత చేయించాలి.

యోనిలోని మైక్రోబయోమ్

మైక్రోబయోటా అంటే ఒకచోట బతుకుతున్న సూక్ష్మజీవుల సముదాయం, అనగా జనాభా లెక్క. మైక్రోబయోమ్ అంటే ఆ జీవులు, వాటి జన్యువులు, అవి చేసే పదార్థాలు, అవి ఉండే చోటు, అన్నీ కలిపి. శాస్త్రవేత్తలు కూడా రెండు మాటల్నీ ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటారు. మన వాక్యంలో మాత్రం తేడా పాటించడం మేలు. ఎందుకంటే జనాభా లెక్క మారకుండానే ఆ జనం చేసే పని మారిపోవచ్చు.

సాధారణంగా శరీరంలో సూక్ష్మజీవుల రకాలు ఎన్ని ఎక్కువైతే అంత ఆరోగ్యం అని వింటుంటాం. పేగుల విషయంలో అది చాలావరకు నిజం. యోని విషయంలో తలకిందులు. అక్కడ ఒకే జాతి, అదీ లాక్టోబాసిల్లస్ వంశంలోది, అత్యధికంగా ఉండటమే చాలామందిలో మేలైన స్థితి. రకరకాల జాతులు చేరాయంటే తరచూ సమతూకం తప్పినట్టు. పేగులకు చెప్పిన సూత్రాన్ని ఇక్కడికి మోసుకొచ్చేవాళ్లు పత్రికల్లో ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నారు.

ఈ బాక్టీరియాను మొదట వర్ణించింది జర్మనీ స్త్రీవైద్య నిపుణుడు ఆల్బర్ట్ డోడెర్లైన్, 1892లో. కడ్డీ ఆకారంలో ఉన్న వీటిని చాలాకాలం "డోడెర్లైన్ బాసిల్లస్" అనే పిలిచారు. డీఎన్‌ఏ చదివే పద్ధతులు వచ్చాక చిత్రం స్పష్టమైంది. 2011లో జాక్ రావెల్ బృందం ఉత్తర అమెరికాలో ఏ బాధా లేని 396 మంది స్త్రీల నమూనాలు తీసి, వారి సూక్ష్మజీవ సముదాయాల్ని ఐదు తరగతులు చేసింది. వాటిని సీఎస్‌టీలు అంటారు, అనగా సముదాయ స్థితి రకాలు. ఒకటో తరగతిలో లాక్టోబాసిల్లస్ క్రిస్పాటస్ పెత్తనం, రెండులో గాసెరీ, మూడులో ఐనర్స్, ఐదులో జెన్సెనీ. నాలుగో తరగతిలో లాక్టోబాసిల్లస్ పలచబడి, గార్డ్‌నెరెల్లా, ప్రెవోటెల్లా వంటి ఆక్సిజన్ అక్కర్లేని బాక్టీరియా గుంపు కనిపిస్తుంది.

శంక: నాలుగో తరగతి అంటే జబ్బేనా? ఆ 396 మందీ బాధ లేనివారే అని గుర్తుంచుకుంటే జవాబు దొరుకుతుంది. వారిలో ఆఫ్రికా మూలాలున్నవారిలో, హిస్పానిక్ స్త్రీలలో నాలుగో తరగతి ఎక్కువగా కనిపించింది. తరగతి వేరు, రోగనిర్ధారణ వేరు. ఇంకో మాట, ఈ తరగతులు కులాల్లాంటివి కావు. ఒకే స్త్రీలో నెలసరికీ, కలయికకూ, మందులకూ వారాల్లో మారిపోవచ్చు.

లాక్టోబాసిల్లస్

ఈ పేరు వినగానే మనవాళ్లకు పెరుగు గుర్తొస్తుంది. పెరుగును తోడేసే బాక్టీరియాలో కొన్ని కూడా ఈ వంశానివే. కాని పెరుగులోవి వేరు, యోనిలో స్థిరపడేవి వేరు. పెరుగు పూస్తేనో, పెరుగు ఎక్కువగా తింటేనో క్రిస్పాటస్ వచ్చి చేరదు. ఇంటి వైద్యాల పేరుతో చెప్పే ఈ సలహాకు ఆధారం లేదు.

నాలుగు జాతుల్లో ఐనర్స్ సంగతి విడిగా చెప్పాలి. దాన్ని వర్ణించింది 1999లో. అంటే డోడెర్లైన్ తర్వాత నూరేళ్లకు పైగా. ఎందుకంత ఆలస్యం? లాక్టోబాసిల్లస్‌ను పెంచడానికి ల్యాబుల్లో వాడే మామూలు ఆహారం మీద అది పెరగదు. నెత్తురు కలిపిన ఆహారం కావాలి. పెరగనిది లేదనుకున్నారు. దాని జన్యువుల సంచి కూడా చిన్నది. సొంతంగా చేసుకోలేనివి చాలా ఉన్నాయి, చుట్టూ ఉన్నదాని మీద ఆధారపడి బతుకుతుంది. కణాలకు రంధ్రాలు చేసే ఐనెరోలైసిన్ అనే పదార్థాన్నీ తయారుచేయగలదు. సముదాయం మంచి స్థితిలో ఉన్నప్పుడూ ఐనర్స్ ఉంటుంది, చెడినప్పుడూ ఉంటుంది. అందుకే "లాక్టోబాసిల్లస్ ఉంది" అన్న రిపోర్టు చూసి నిశ్చింతగా ఉండటం కుదరదు. ఏ లాక్టోబాసిల్లస్ అన్నది అడగాలి.

ఆమ్లత

యోనిలో పీహెచ్ సాధారణంగా 3.5 నుంచి 4.5 మధ్య ఉంటుంది. రావెల్ లెక్కలో క్రిస్పాటస్ తరగతిలో మధ్యస్థ పీహెచ్ 4.0, నాలుగో తరగతిలో 5.3. ఒక అంకె తేడాయే కదా అనిపిస్తుంది. పీహెచ్ లెక్కలో ఒక అంకె అంటే ఆమ్లతలో పది రెట్లు. నెలసరి రక్తం, వీర్యం రెండూ క్షారం వైపు మొగ్గేవి కాబట్టి ఆ రోజుల్లో పీహెచ్ కాసేపు పైకి పోవడం సహజం.

ఆమ్లతకు మూలం లాక్టిక్ ఆమ్లం. దీనికి అద్దంలో బొమ్మల్లా రెండు రూపాలున్నాయి: ఎల్, డి. మన శరీర కణాలు చేసేది దాదాపు అంతా ఎల్. బాక్టీరియా రెండూ చేయగలవు. యోని ద్రవంలో డి రూపం బాగా కనిపిస్తుంది కాబట్టి అక్కడి ఆమ్లం ప్రధానంగా బాక్టీరియా చేసిందేనని తేల్చారు. క్రిస్పాటస్ రెండు రూపాలూ చేస్తుంది. ఐనర్స్ ఎల్ ఒక్కటే చేస్తుంది. ఈ తేడా కాగితానికే పరిమితం కాదు. క్రిస్పాటస్ పెత్తనం ఉన్న స్త్రీల జిగురు హెచ్‌ఐవీ రేణువుల్ని కదలకుండా పట్టేస్తుందనీ, డి లాక్టిక్ ఆమ్లం తక్కువగా ఉన్న, ఐనర్స్ పెత్తనంలోని జిగురులో ఆ రేణువులు తేలిగ్గా తిరుగుతాయనీ 2015లో ప్రయోగశాలలో చూశారు. జిగురు పైకి ఒకలాగే ఉంటుంది.

ఆమ్లత గురించి ఒక పాత అపోహ కూడా తీసేద్దాం. లాక్టోబాసిల్లస్ హైడ్రోజన్ పెరాక్సైడ్ విడుదల చేసి చెడు బాక్టీరియాను చంపుతుందని ఏళ్ల తరబడి పుస్తకాల్లో రాశారు. ల్యాబులో గాలి తగిలేచోట అది నిజమే. యోనిలో ఆక్సిజన్ చాలా తక్కువ. అది లేనిదే పెరాక్సైడ్ పుట్టదు. పుట్టిన కాస్తనూ యోని ద్రవమూ వీర్యమూ నిర్వీర్యం చేసేస్తాయి. కాపలా పని ప్రధానంగా లాక్టిక్ ఆమ్లానిదే.

జీవక్రియ

వాక్యంలో అన్నిటికన్నా తేలికగా వాడేసిన మాట ఇదే. జీవక్రియ అంటే ఆహారాన్ని విరగ్గొట్టి శక్తీ, కావలసిన పదార్థాలూ చేసుకోవడం. కాని ఎవరి జీవక్రియ? యోనిలో కనీసం రెండు జీవక్రియలు ఒకదానిలోకి ఒకటి ప్రవహిస్తూ ఉంటాయి: పొర కణాలది ఒకటి, బాక్టీరియాది ఒకటి. వైరస్‌కు సొంత జీవక్రియ లేదు. అది కణం సామగ్రితోనే బతుకుతుంది.

ఆ ప్రవాహం ఇలా సాగుతుంది. ఈస్ట్రోజన్ ఉన్న వయసులో యోని పొర కణాలు గ్లైకోజన్‌ను నిల్వ చేసుకుంటాయి, అనగా గ్లూకోజు గొలుసులు. పై కణాలు రాలిపోయినప్పుడు ఆ గ్లైకోజన్ బయటపడుతుంది. శరీరం చేసే అమైలేజ్ ఎంజైమ్ దాన్ని మాల్టోజ్ వంటి చిన్న ముక్కలు చేస్తుంది; క్రిస్పాటస్ రకాలు కొన్ని తామే గ్లైకోజన్‌ను కొరుక్కోగలవని ఈ మధ్య తేలింది. ఆ ముక్కల్ని తిని లాక్టోబాసిల్లస్ లాక్టిక్ ఆమ్లం వదులుతుంది. ఆ ఆమ్లం మళ్లీ పొర కణాల మీద పనిచేసి వాపును అదుపులో ఉంచుతుంది. ఒకరు వదిలింది ఇంకొకరికి ఆధారం. బాల్యంలోనూ, ముట్లుడిగాకా ఈస్ట్రోజన్ తక్కువ కాబట్టి గ్లైకోజన్ తక్కువ, లాక్టోబాసిల్లస్ తక్కువ, పీహెచ్ ఎక్కువ. ఆ వయసుల్లో అది జబ్బేమీ కాదు.

వైరస్ ఈ ప్రవాహంలో ఎక్కడ చేయిపెడుతుందో కంటితో చూడగలిగే చోటు ఒకటుంది. 1930 ప్రాంతంలో వియన్నా వైద్యుడు వాల్టర్ షిల్లర్ ఒక పరీక్ష ప్రవేశపెట్టాడు. స్పెక్యులమ్ పెట్టి, దూదితో లూగాల్స్ అయోడిన్ ద్రావణం ముఖద్వారం మీద అద్దుతారు. గ్లైకోజన్ నిండిన మామూలు పొర క్షణాల్లో ముదురు గోధుమరంగు తేలుతుంది. హెచ్‌పీవీ వల్ల కణాల తీరు మారిన చోట గ్లైకోజన్ ఉండదు. అక్కడ అయోడిన్ పట్టదు, పచ్చగా పాలిపోయిన మచ్చ అంచులు కట్టి కనిపిస్తుంది. నూరేళ్లకు దగ్గరపడుతున్నా ముఖద్వారాన్ని పెద్దదిగా చూసే కాల్పోస్కోపీ గదుల్లో ఈ సీసా ఇంకా ఉంది. మన ఆరోగ్య కేంద్రాల్లో స్క్రీనింగ్‌కు ఎక్కువగా వాడేది ఎసిటిక్ ఆమ్లం. దాని సూత్రం వేరు.

ఆ పాలిపోయిన మచ్చ కణం లోపలి మార్పుకు పైకి కనిపించే గుర్తు. హెచ్‌పీవీ చేసే ఇ6, ఇ7 అనే రెండు ప్రొటీన్లు కణానికి ఉన్న రెండు పగ్గాల్ని తెంచుతాయి: ఇ6 పీ53ను నాశనం చేయిస్తుంది, ఇ7 ఆర్‌బీ ప్రొటీన్‌ను పట్టేస్తుంది. విభజన ఆపాల్సిన కణం ఆపదు. ఇ7 గ్లూకోజును విరగ్గొట్టే దారిలోని పైరువేట్ కైనేజ్ అనే ఎంజైమ్‌ను కూడా పట్టుకుంటుంది. గ్లూకోజు నిల్వకూ శక్తికీ పోవడం తగ్గి, కొత్త కణాలు కట్టడానికి కావలసిన ముడిసరుకు వైపు మళ్లుతుంది.

అయితే గ్లైకోజన్ లేకుండా పోయేది ముఖద్వారం మీద ఒక మచ్చ మేరకే. యోని గోడ అంతా అలాగే గ్లైకోజన్‌తో ఉంటుంది. కాబట్టి "వైరస్ బాక్టీరియా తిండి లాగేసుకుంది" అని ఈ ఒక్క పరీక్షను బట్టి చెప్పేస్తే అతి అవుతుంది.

మెటబోలైట్, మెటబోలోమ్

జీవక్రియలో పుట్టే చిన్న అణువు మెటబోలైట్; అన్నీ కలిసి మెటబోలోమ్. యోని ద్రవాన్ని మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పెడితే వందల మెటబోలైట్లు ఒకేసారి లెక్కకొస్తాయి. అమెరికాలో అరిజోనాకు చెందిన బృందం 2019లో 78 మంది ముట్లుడగని స్త్రీలలో ఇలా చూసింది: ఆరోగ్యంగా ఉన్నవారు, హెచ్‌పీవీ ఉన్నవారు, క్యాన్సర్ ముందు దశవారు, క్యాన్సర్ ఉన్నవారు. హెచ్‌పీవీ ఉన్నప్పుడు అమైనో ఆమ్లాల, న్యూక్లియోటైడ్ల దారులు చెదిరాయి; క్యాన్సర్‌లో కొవ్వు పదార్థాలు మారాయి. అయితే మెటబోలోమ్‌ను ఎక్కువగా శాసించినవి వాపూ, లాక్టోబాసిల్లస్ ఉందా లేదా అన్నదీ. వైరస్ ముద్ర ఉంది గాని, దాని మీద బాక్టీరియా ముద్ర ఇంకా గాఢంగా పడింది.

సముదాయం చెదిరినప్పుడు లాక్టిక్ ఆమ్లం తగ్గి, పుట్రెసిన్, కడావరిన్, ట్రైమిథైలమైన్ వంటి అమైన్లు పెరుగుతాయి. పుట్రెసిన్ వంటివి పుట్టే చర్యలో ఆమ్లం ఖర్చవుతుంది. అంటే అవి పుట్టడమే పీహెచ్‌ను పైకి నెడుతుంది. ట్రైమిథైలమైన్ వాసన చేపల వాసన. ఇది తరవాతి పదానికి దారి.

బాక్టీరియల్ వజైనోసిస్, తెల్లబట్ట

ఈ రెండూ ఒకటనుకుంటారు. బాక్టీరియల్ వజైనోసిస్ ఒక నిర్ధారణ. 1983లో ఆమ్‌సెల్ చెప్పిన నాలుగు లక్షణాల్లో మూడు ఉండాలి: పలచగా ఒకే తీరుగా ఉండే స్రావం, పీహెచ్ 4.5 దాటడం, గాజుపలక మీద స్రావానికి ఒక చుక్క పొటాషియం హైడ్రాక్సైడ్ కలపగానే చేపల వాసన గుప్పుమనడం, మైక్రోస్కోపులో క్లూ కణాలు, అనగా అంచులు కనబడనంతగా బాక్టీరియా అంటుకున్న పొర కణాలు.

తెల్లబట్ట నిర్ధారణ కాదు, ఫిర్యాదు. "తెల్లబట్ట అవుతోందమ్మా, నడుం లాగేస్తోంది" అని చెప్పుకునే స్త్రీకి వజైనోసిస్ ఉండొచ్చు, ఈస్ట్ ఉండొచ్చు, ట్రైకోమోనాస్ ఉండొచ్చు. రుతుచక్రంలో మామూలుగా వచ్చే స్రావమే అయి ఉండొచ్చు. "వేడి చేసింది" అన్న మాటతో సరిపెట్టడం ఒక తప్పు. "గర్భసంచి చెడిపోయింది, తీసేయాలి" అనడం అంతకన్నా పెద్ద తప్పు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. ఆ ఆపరేషన్లన్నీ తెల్లబట్టకే అని ఎవరూ అనలేరు. కాని తెల్లబట్టకు క్యాన్సర్ భయం జోడించి చేసినవి అందులో ఉన్నాయన్నది మన ఊళ్లలో అందరికీ తెలిసిన సంగతే. గర్భసంచి తీసేసినా యోని ఉంటుంది, అందులోని సముదాయం ఉంటుంది. వజైనోసిస్ మళ్లీ రావచ్చు.

ఇంకో చిన్న మాట. మందుల షాపుల్లో అమ్మే వాష్‌లతో లోపల కడుక్కోవడం శుభ్రత అనుకుంటారు. అది ఉన్న లాక్టోబాసిల్లస్‌ను కూడా కడిగేస్తుంది.

మారుస్తుంది

ఇప్పుడు క్రియాపదం. అన్వయం పేచీ ఇక్కడే.

హెచ్‌పీవీ ఉన్న స్త్రీలలో లాక్టోబాసిల్లస్ తక్కువ, రకాలు ఎక్కువ అన్నది పదే పదే కనిపించిన సంగతి. లండన్ బృందం 2015లో చూసిన స్త్రీలలో నాలుగో తరగతి సముదాయం మామూలువారిలో 10 శాతం, ముదిరిన క్యాన్సర్ ముందు దశలో 27, క్యాన్సర్‌లో 40. మెట్టు మెట్టుకూ పెరిగింది. కాని ఇది ఒక్కసారి తీసిన నమూనా. ఒకే ఫొటోలో ఇద్దరు పక్కపక్కన నిలబడితే ఎవరు ఎవర్ని తీసుకొచ్చారో ఫొటో చెప్పదు.

మూడు అన్వయాలు కుదురుతాయి. వైరస్ సముదాయాన్ని మార్చింది. లేదా సముదాయం ముందే చెదిరి ఉంటే వైరస్ నిలదొక్కుకుంది. లేదా మూడోది ఏదో రెండింటినీ తెచ్చింది: పొగతాగడం, కొత్త భాగస్వామి, హార్మోన్లు. కొత్త భాగస్వామి వైరస్‌నూ తేవచ్చు, బాక్టీరియానూ తేవచ్చు.

రెండో అన్వయానికి బలమైన ఆధారాలున్నాయి. రెబెకా బ్రోట్‌మన్ బృందం 2014లో 32 మంది స్త్రీల నుంచి వారానికి రెండుసార్లు, 16 వారాల పాటు నమూనాలు తీసింది. గాసెరీ పెత్తనంలో ఉన్నవారిలో హెచ్‌పీవీ తొందరగా పోయింది. నాలుగో తరగతివారిలో నెమ్మదిగా పోయింది. మధ్యతరహా కణమార్పు ఉండి చికిత్స లేకుండా గమనించిన యువతుల్లోనూ లాక్టోబాసిల్లస్ ఉన్నవారిలో అది వెనక్కి తగ్గడం ఎక్కువని 2020లో రాశారు. ఇక్కడ మైక్రోబయోమే కర్త.

మొదటి అన్వయానికి, అంటే మన వాక్యం చెప్పేదానికి, చాలాకాలం దారి కనబడలేదు. అడుగున ఉన్న వైరస్ పైనున్న బాక్టీరియాను ఎలా మార్చగలదు? బెల్జియంలోని లీజ్ పరిశోధకులు 2022లో ఒక దారి చూపారు. పొర కణాలు సూక్ష్మజీవుల్ని చంపడానికి కొన్ని చిన్న ప్రొటీన్లు విడుదల చేస్తాయి. డిఫెన్సిన్లు, ఎలాఫిన్, ఎస్‌ఎల్‌పీఐ వంటివి. ఆయుధాలు అని అందరూ అనుకున్నవి. లాక్టోబాసిల్లస్‌కు అవి తిండి కూడా అని తేలింది. ఈ బాక్టీరియా చాలా అమైనో ఆమ్లాల్ని సొంతంగా చేసుకోలేదు. ఆ చిన్న ప్రొటీన్లను విరగ్గొట్టి తెచ్చుకుంటుంది. హెచ్‌పీవీ ఇ7 ప్రొటీన్, కణంలో ఎన్ఎఫ్-కప్పా-బీ అనే సంకేతాన్ని అణిచి, వాటి తయారీని తగ్గించేస్తుంది. ఎందుకు అణుస్తుంది? రోగనిరోధక వ్యవస్థ కంట పడకుండా ఉండటానికి. బాక్టీరియా ఆకలితో పలచబడటం ఆ దాగుడుమూతల పక్కఫలితం.

ఈ దారిలో వైరస్ బాక్టీరియాను ముట్టుకోలేదు. కణాన్ని మార్చింది, కణం వడ్డన తగ్గించింది, బాక్టీరియా తగ్గింది, ఆమ్లం తగ్గింది. వ్యాకరణం మాటల్లో చెప్పాలంటే ఇది ప్రేరణార్థకం: వైరస్ మారుస్తుంది అనడం కంటే మార్పిస్తుంది అనడం సరి. ఆ పలచబడిన సముదాయంలో వైరస్ ఇంకా కాలం నిలుస్తుంది కాబట్టి మొదటి అన్వయమూ రెండోదీ ఒకదానికొకటి అడ్డం కావు. ఒక చక్రంలో రెండు భాగాలు. చక్రం ఏ స్త్రీలో ఎక్కడ మొదలైందన్నది ఒక్క పరీక్షతో తేలదు.

మిగతా వైరస్‌లు

హెర్పిస్ ఉన్నవారిలో వజైనోసిస్ ఎక్కువగా వస్తుందని చాలా అధ్యయనాలు చూపాయి. దాని గురించి ఇంతకన్నా ఇక్కడ అక్కర్లేదు.

హెచ్‌ఐవీ విషయంలో కర్త స్థానం స్పష్టంగా బాక్టీరియాదే. దక్షిణాఫ్రికాలో డర్బన్ దగ్గర ఉమ్లాజీలో 236 మంది యువతుల్ని గమనించారు. లాక్టోబాసిల్లస్ లేని సముదాయాల్లో కొన్ని ఉన్నవారికి హెచ్‌ఐవీ సోకే ప్రమాదం నాలుగు రెట్లకు పైగా ఉందని 2017లో తేల్చారు. క్రిస్పాటస్ పెత్తనం ఉన్నవారిలో ఒక్కరికీ సోకలేదు. అదే దేశంలో హెచ్‌ఐవీని అడ్డుకునే టెనోఫోవిర్ జెల్ పరీక్ష అంతకుముందు జరిగింది. 2010లో వచ్చిన ఫలితం సగటున 39 శాతం రక్షణ. ఆ నమూనాల్ని తరవాత మళ్లీ చూస్తే సగటు వెనక ఉన్నది బయటపడింది: లాక్టోబాసిల్లస్ ఉన్న స్త్రీలలో రక్షణ 61 శాతం, లేనివారిలో 18. గార్డ్‌నెరెల్లా టెనోఫోవిర్‌ను విరగ్గొట్టేస్తోంది. మందు కణాల్లోకి చేరేలోపే బాక్టీరియా దాన్ని తినేస్తోంది. జీవక్రియ అన్న మాటకు ఇంతకన్నా సూటి ఉదాహరణ నాకు తెలియదు.

తొలగిపోవడం

హెచ్‌పీవీ "తొలగిపోయింది" అంటే ఏమిటి? పరీక్షలో దొరకలేదని అర్థం. శరీరం నుంచి పూర్తిగా పోయి ఉండవచ్చు. అడుగు కణాల్లో పరీక్షకు అందనంత కొద్దిగా ఉండి ఏళ్ల తరవాత మళ్లీ కనిపించనూ వచ్చు. ముట్లుడిగే వయసులో "కొత్తగా" కనిపించిన హెచ్‌పీవీ భర్త నిన్న తెచ్చిందే కానక్కర్లేదు. ఈ ఒక్క వాక్యం తెలిస్తే కొన్ని ఇళ్లలో గొడవలు తప్పుతాయి.

మరి సముదాయాన్ని సరిచేస్తే వైరస్ పోతుందా? వజైనోసిస్ విషయంలో మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ తరవాత క్రిస్పాటస్‌ను పొడిగా లోపల పెట్టి చూశారు. 228 మంది మీద జరిగిన ఆ పరీక్ష 2020లో వెలువడింది. పన్నెండు వారాల్లో తిరగబెట్టినవారు క్రిస్పాటస్ తీసుకున్నవారిలో 30 శాతం, ఉత్తి పొడి తీసుకున్నవారిలో 45. అది వజైనోసిస్‌కు జవాబు. మందుల షాపులో ప్రోబయోటిక్ డబ్బా మీద "హెచ్‌పీవీని తొలగిస్తుంది" అని రాసి ఉంటే, ఆ రాసినవారు ఈ రెండు ప్రశ్నల్ని కలిపేశారన్నమాట. హెచ్‌పీవీ టీకా కూడా అప్పటికే చేరిన వైరస్‌ను తీసేయదు, చేరకుండా ఆపుతుంది; అందుకే చిన్న వయసులో ఇవ్వమంటారు. వయసు వచ్చినవారికి ఉన్న దారి పరీక్ష. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది ఇది: ముప్పై ఏళ్ల నుంచి ఐదు, పదేళ్లకోసారి హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష, హెచ్‌ఐవీ ఉన్న స్త్రీలకు ఇరవై ఐదేళ్ల నుంచే, మూడు నుంచి ఐదేళ్లకోసారి.